పరుపు గట్టిగా ఉంటేనే నడుముకి మంచిదా? కొనే ముందు ఇది చూడండి

ఈరోజు ఎపిసోడ్ పరుపుల గురించి. "పరుపు మీద కూడా ఎపిసోడా బ్రో?" అనుకోకండి. ఫోన్ కొనాలంటే పది రివ్యూలు చూస్తాం. ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎంత అని లెక్కలేస్తాం. ఆ ఫోన్ వాడేది మహా అయితే మూడేళ్ళు. పరుపు మీద మాత్రం రోజుకి ఏడెనిమిది గంటల చొప్పున ఏళ్ళ తరబడి పడుకుంటాం. కానీ దాన్ని షాపులో నిలబడి, రెండుసార్లు చేత్తో నొక్కి కొనేస్తాం.

మన గుడిమల్కాపూర్ నుంచి మెహిదీపట్నం వైపు వెళ్ళినా, అత్తాపూర్ వైపు వెళ్ళినా పరుపుల షాపులు కనబడతాయి. లోపలికెళ్ళి "నడుం నొప్పి ఉంది" అనండి చాలు, "ఆర్థోపెడిక్ తీసుకోండి, గట్టిగా ఉంటది" అంటారు. ఇంట్లో పెద్దవాళ్ళదీ అదే మాట. అందుకే మెయిన్ పాయింట్ ముందే చెప్పేస్తా. అందరికీ సరిపోయే గట్టిదనం అంటూ ఒకటి లేదు. మీ బరువెంత, మీరు ఎటు తిరిగి పడుకుంటారు, ఈ రెండూ తెలియకుండా మీకు ఏ పరుపు మంచిదో ఎవ్వరూ చెప్పలేరు.

"గట్టిదే మంచిది" అన్నమాట ఎంతవరకు నిజం?

దీని మీద స్పెయిన్‌లో ఒక మంచి స్టడీ జరిగింది. ఫ్రాన్సిస్కో కోవాక్స్ అనే డాక్టర్, ఆయన టీమ్ కలిసి చేశారు. 2003లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చింది. చాలా కాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందిని తీసుకున్నారు. కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యస్థంగా ఉండే పరుపు ఇచ్చి 90 రోజులు చూశారు. రెండు గ్రూపుల్లోనూ నొప్పి తగ్గింది. కానీ పడుకున్నప్పుడు నొప్పి, పొద్దున లేచేటప్పుడు నొప్పి, రోజువారీ పనుల్లో ఇబ్బంది, ఈ మూడింట్లోనూ మధ్యస్థం పరుపు వాళ్ళకే ఎక్కువ మేలు జరిగింది.

ఇక్కడ ఒక చిన్న ట్రాప్ ఉంది. ఆ స్టడీలో వాడిన యూరోపియన్ స్కేల్‌లో 1 అంటే బాగా గట్టి, 10 అంటే బాగా మెత్తన. గట్టి పరుపుకి 2.3, మధ్యస్థం పరుపుకి 5.6 వచ్చింది. ఆన్‌లైన్‌లో పరుపులు అమ్మేవాళ్ళు చాలామంది దీన్ని తిరగేసి, 10 అంటే గట్టి అని పెడతారు. కాబట్టి నంబర్ చూసే ముందు స్కేల్ ఎటు నుంచి మొదలైందో చూడండి.

"మా తాత చాప మీద పడుకునేవాడు, ఎనభై ఏళ్ళకి కూడా నడుం నిటారుగా ఉండేది" అని కొందరంటారు. కరెక్టే కావచ్చు. కానీ అదే తాత ఎండాకాలం ఆరుబయట నులక మంచం మీద కూడా పడుకున్నాడు కదా! నులక మంచం మధ్యలో కిందికి దిగుతుంది. దాన్ని ఎవరూ ఆర్థోపెడిక్ అనలేదు. బాగా దిగిపోతే ఏం చేసేవారు? కాళ్ళ వైపు తాళ్ళు లాగి మళ్ళీ బిగించేవారు. అంటే గట్టిదనం మనకి కావలసినట్టు అడ్జస్ట్ చేసుకునే మంచం మన ఊళ్ళల్లో ఎప్పటి నుంచో ఉంది. పెద్దవాళ్ళ నుంచి నేర్చుకోవాల్సింది ఆ సర్దుబాటు.

ఒకే పరుపు, రెండు కంప్లైంట్లు

మా ఇంటి సంగతే తీసుకోండి. నాన్న 84 కేజీలు, అమ్మ 53 కేజీలు. పరుపు ఒక్కటే. నాన్నేమో "ఇది గుంతలా దిగిపోతోంది" అంటాడు. అమ్మేమో "రాయిలా ఉంది, భుజం నొక్కేస్తోంది" అంటుంది. విచిత్రం ఏంటంటే ఇద్దరూ చెప్పేది నిజమే. బరువు ఎక్కువుంటే పరుపులోకి లోతుగా దిగుతాం, అందుకే అది మెత్తగా అనిపిస్తుంది. బరువు తక్కువుంటే పైపైనే ఉండిపోతాం, అదే పరుపు గట్టిగా అనిపిస్తుంది.

ఇప్పుడు పడుకునే తీరు చూద్దాం.

పక్కకి తిరిగి పడుకునేవాళ్ళకి బరువంతా భుజం మీద, తుంటి మీద పడుతుంది. పరుపు అక్కడ కొంచెం లోపలికి దిగాలి. దిగకపోతే భుజం నొక్కుకుపోతుంది, చెయ్యి తిమ్మిరెక్కుతుంది. వీళ్ళకి మధ్యస్థం, లేదా అంతకంటే కొంచెం మెత్తన. బరువు తక్కువైతే ఇంకొంచెం మెత్తన.

వెల్లకిలా పడుకునేవాళ్ళకి నడుం ఒంపు కింద ఆసరా కావాలి, తుంటి మాత్రం గుంతలో పడకూడదు. వీళ్ళకి మధ్యస్థం, లేదా కొంచెం గట్టిది.

బోర్లా పడుకునేవాళ్ళకి మెత్తని పరుపులో పొట్ట కిందికి దిగి, నడుం విల్లులా వంగుతుంది. వీళ్ళకి గట్టిదే నయం. దిండు కూడా పలచగా ఉండాలి.

భార్యాభర్తల బరువుల్లో బాగా తేడా ఉంటే రెండు సింగిల్ పరుపులు పక్కపక్కన వేసుకోవడం సింపుల్ సొల్యూషన్. లేదంటే బరువున్నవాళ్ళకి సరిపోయే గట్టి పరుపు కొని, రెండోవాళ్ళ వైపు పైన మెత్తని పొర వేసుకోవచ్చు.

ఇంకో ముఖ్యమైన విషయం. ఏడాది లోపు పిల్లలకి ఇవేవీ వర్తించవు. వాళ్ళకి గట్టిగా, సమతలంగా ఉండే పరుపే వాడాలి. మెత్తని దిండ్లు, బొంతలు పక్కన పెట్టకూడదు, ఊపిరాడని ప్రమాదం ఉంటుంది.

డెన్సిటీ అంటే గట్టిదనం కాదు

"ఇది 40 డెన్సిటీ సార్, బాగా గట్టిది" అని సేల్స్ అబ్బాయి చెప్తాడు. ఇక్కడే చాలామంది పడిపోతారు. డెన్సిటీ అంటే ఒక క్యూబిక్ మీటర్ ఫోమ్ ఎన్ని కేజీలుంటుందో ఆ లెక్క. థర్మోకోల్ షీట్ చాలా తేలిక, కానీ గట్టిగా ఉంటుంది. చపాతీ పిండి ముద్ద బరువు, కానీ వేలు పెడితే దిగిపోతుంది. ఫోమ్ కూడా అంతే. 40 డెన్సిటీలో మెత్తని ఫోమ్ చెయ్యొచ్చు, 28 డెన్సిటీలో గట్టి ఫోమ్ చెయ్యొచ్చు.

గట్టిదనానికి వేరే కొలత ఉంది, దాన్ని ఐఎల్‌డీ అంటారు. ఫోమ్ ముక్కని దాని మందంలో 25 శాతం లోపలికి నొక్కడానికి ఎంత బలం కావాలో కొలుస్తారు. మరి డెన్సిటీ ఎందుకు అడగాలి? మన్నిక కోసం. ఒకే రకం ఫోమ్‌లో డెన్సిటీ మరీ తక్కువైతే త్వరగా కుంగిపోతుంది. కాబట్టి షాపులో రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి: "ఎంత గట్టిగా ఉంటుంది?", "ఎన్నాళ్ళు అలాగే ఉంటుంది?"

లోపల ఏముందో కూడా చూడాలి. మెమరీ ఫోమ్‌ని 1966లో నాసా కోసం చార్ల్స్ యోస్ట్ అనే ఇంజనీర్ విమానం సీట్ల కోసమని తయారు చేశాడు. ఒంటి వేడికి మెత్తబడి శరీరం ఆకారంలోకి ఒదుగుతుంది. అందుకే ఏసీ షోరూమ్‌లో గట్టిగా అనిపించిన పరుపు మే నెలలో మన ఇంట్లో మెత్తగా, వేడిగా అనిపించొచ్చు. కొబ్బరి పీచు పరుపు గట్టిగా ఉంటుంది, గాలి ఆడుతుంది. లేటెక్స్ నొక్కితే వెంటనే పైకి లేస్తుంది. దూది పరుపు కొత్తలో మెత్తగా ఉండి, వాడేకొద్దీ దూది అణిగి గట్టిపడుతుంది, ఉండలు కడుతుంది. అందుకే మనవాళ్ళు డాబా మీద ఎండలో వేస్తారు, కొన్నేళ్ళకి దూది మళ్ళీ ఏకించి కుట్టిస్తారు.

"ఆర్థోపెడిక్" అనే పదం చూసి మాత్రం డబ్బులు ఎక్కువ పెట్టకండి. ఆ పేరున్నంత మాత్రాన డాక్టర్లు టెస్ట్ చేసి ఓకే చేశారని కాదు. చాలా షాపుల్లో దానర్థం "గట్టిది" అని మాత్రమే.

మీ ఫోన్‌తోనే టెస్ట్

షాపుకి వెళ్ళేటప్పుడు ఒక ఫ్రెండ్‌ని తీసుకెళ్ళండి. ఒంటికి అతుక్కునే టీషర్ట్ వేసుకోండి. వీలైతే మీ దిండు కూడా పట్టుకెళ్ళండి, ఎవరేమనుకున్నా పర్వాలేదు. మీరు రోజూ ఎలా పడుకుంటారో అలాగే పది, పదిహేను నిమిషాలు పడుకోండి. కూర్చుని ఎగిరి చూస్తే ఏమీ తెలియదు.

పక్కకి తిరిగి పడుకునేవాళ్ళైతే, ఫోన్‌ని పరుపు ఎత్తులో పట్టుకుని వెనక నుంచి ఫోటో తీయమనండి. ఫోటోలో మెడ నుంచి నడుం చివరి దాకా వెన్నెముక మీద ఒక గీత గీయండి. గీత దాదాపు నేరుగా ఉంటే ఓకే. తుంటి దగ్గర కిందికి జారితే పరుపు మెత్తనైంది. భుజం, తుంటి దిగక నడుం దగ్గర గీత వంగితే పరుపు గట్టిదైంది.

వెల్లకిలా పడుకునేవాళ్ళు నడుం కింద చెయ్యి దూర్చండి. సందు పెద్దగా ఉండి చెయ్యి ఈజీగా అటూ ఇటూ తిరిగితే పరుపు గట్టిది. అసలు దూరకపోతే మెత్తన. కొంచెం రాసుకుంటూ వెళ్తే బాగున్నట్టు.

కొత్తది కొనే ముందు ఇంట్లో ఫ్రీ టెస్ట్ కూడా ఉంది. మీ పరుపు గట్టిగా ఉందనిపిస్తే, దాని మీద అమ్మమ్మ కుట్టిన బొంతలు రెండు పరిచి నాలుగు రాత్రులు పడుకోండి. నొప్పి తగ్గితే మీకు కావాల్సింది కాస్త మెత్తని పై పొర మాత్రమే, మొత్తం పరుపు కాదు. మెత్తగా ఉందనిపిస్తే నేల మీద వేసి పడుకుని చూడండి. నేల మీద బాగుంటే, తప్పు మంచం చెక్కది కావచ్చు. రూముల్లో, హాస్టళ్ళలో ఉండేవాళ్ళు ముందు ఈ రెండూ ట్రై చేయండి. ఈఎంఐ గురించి తర్వాత ఆలోచించొచ్చు.

ఆన్‌లైన్‌లో అయితే కొన్ని కంపెనీలు 100 రాత్రుల ట్రయల్ ఇస్తాయి. వెనక్కి ఎవరు తీసుకెళ్తారు, డబ్బు పూర్తిగా ఇస్తారా, మీ మంచం కొలతకి చేయించిన దానికి కూడా ట్రయల్ ఉందా, ఈ మూడూ చదివాకే ఆర్డర్ పెట్టండి. ఒంటికి అలవాటు పడడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఒక్క రాత్రికే తీర్పు ఇవ్వకండి.

చివరిగా ఒక మాట

మన పూల మార్కెట్‌లో తెల్లవారకముందే బంతిపూల మూటలు మోసే అన్నలకైనా, పొద్దంతా ల్యాప్‌టాప్ ముందు వంగి కూర్చునే మనకైనా నడుం నొప్పి వస్తుంది. పరుపు మార్చితే రాత్రి కలిగే ఇబ్బంది తగ్గొచ్చు, పగలు చేసే పని వల్ల వచ్చే నొప్పిని అది ఆపలేదు. నొప్పి మోకాలు దాటి కాలిలోకి దిగుతున్నా, కాలు మొద్దుబారుతున్నా, బలం తగ్గినా, మూత్రం ఆపుకోలేకపోతున్నా, కింద పడ్డాక నొప్పి మొదలైనా, నొప్పితో పాటు జ్వరం ఉన్నా పరుపుల షాపుకి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. "కొత్త పరుపు కొన్నాం కదా, చూద్దాంలే" అని అమ్మానాన్నలు వాయిదా వేస్తుంటే, మీరే దగ్గరుండి తీసుకెళ్ళండి.

ఈ వారం మీ ఇంట్లో ఒక్క పని చేయండి. అమ్మనో నాన్ననో "పొద్దున లేచేటప్పుడు ఎక్కడ నొప్పి పుడుతోంది?" అని అడగండి. వాళ్ళు ఎలా పడుకుంటారో చూడండి. పరుపు సంగతి ఆ తర్వాతే. నెక్స్ట్ ఎపిసోడ్‌లో దిండు ఎత్తు గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి, బాగా నిద్రపోండి!