పొగమంచులో పడవ నడపడం

పొగమంచు వల్ల చూపు ఆనని వేళ గట్టును, రాళ్ళను, ఇతర పడవలను ఢీకొనకుండా గమ్యం చేరుకోవడం నౌకాయానంలో కష్టమైన పని. కళ్ళు చేయవలసిన పనిని చెవులు, దిక్సూచి, రాడార్ కొంతవరకే చేయగలవు. అందువల్ల వేగం తగ్గించడం, అవసరమైతే ఆగిపోవడం ఇందులో ప్రధాన సూత్రాలు.

పొగమంచు ఏర్పడే విధానం

గాలిలోని నీటి ఆవిరి చల్లబడి సన్నని బిందువులుగా మారి నేలను, నీటిని ఆనుకొని నిలిస్తే పొగమంచు అవుతుంది. 1 కిలోమీటరు దూరంలోని వస్తువులు కూడా కనిపించని స్థితిని వాతావరణ శాస్త్రంలో పొగమంచు అంటారు. శీతాకాలపు రాత్రులలో ఆకాశం నిర్మలంగా ఉండి గాలి నెమ్మదించినపుడు నేల త్వరగా చల్లబడి పొగమంచు పుడుతుంది. వెచ్చని నీటిపైకి చల్లగాలి చేరినపుడు చెరువుల మీద ఆవిరివలె మంచు లేస్తుంది. ఎండ ముదిరేకొద్దీ సాధారణంగా ఇది విడిపోతుంది.

చెరువులలో జాగ్రత్తలు

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలోని పెద్ద చెరువు కుతుబ్ షాహీల కాలం నాటిది. ఇటువంటి విశాలమైన చెరువులలో తెల్లవారుజామున వలలు తీయడానికి వెళ్ళే తెప్పలకు, పుట్టిలకు రాడార్, హారన్ వంటివి ఉండవు. గట్టు కనిపించనపుడు తిన్నగా వెళుతున్నామనుకుంటూనే చుట్టూ తిరిగే అవకాశం ఉంది. చెరువు నిండి అలుగు పారుతున్నపుడు ప్రమాదం మరింత ఎక్కువ. నీటి హోరు వినిపిస్తే ఆ వైపు వెళ్ళకూడదు.

* మంచు విడిపోయేవరకు బయలుదేరకపోవడం అన్నిటికంటె మేలు.
* దారిలో మంచు కమ్ముకొంటే, గట్టు కనుమరుగు కాకముందే దాని దిక్కును దిక్సూచితో గుర్తుంచుకోవాలి.
* అందరూ లైఫ్ జాకెట్లు ధరించాలి.
* ఇంజను ఉంటే అప్పుడప్పుడు ఆపి చుట్టూ శబ్దాలు వినాలి.
* ఈల ఊదుతూ లేదా గిన్నె వాయిస్తూ ఉనికి తెలపాలి.
* దారి తెలియకపోతే లోతు తక్కువ చోట లంగరు వేసి వేచి ఉండాలి.

మొబైల్ ఫోనులోని జీపీఎస్ మన స్థానాన్ని చూపుతుందే కాని ఎదురుగా వచ్చే పడవను చూపదు.

సముద్రంలో నియమాలు

సముద్రంలోను, దానితో కలిసి ఓడలు తిరిగే జలాలలోను 1972లో ఆమోదించిన అంతర్జాతీయ నియమాలు 1977 జూలై 15 నుండి అమలులో ఉన్నాయి. చెరువులకు ఇవి వర్తించకపోయినా సూత్రం ఒక్కటే. వీటి ప్రకారం ప్రతి నౌక సకాలంలో ఆగగలిగినంత వేగంతోనే వెళ్ళాలి. కంటితోను, చెవితోను నిరంతరం కాపలా కాయాలి. ముందువైపు నుండి మరొక నౌక కూత వినిపిస్తే, ఢీకొనే ప్రమాదం లేదని తేలనంతవరకు, చుక్కాని అదుపులో ఉండే కనిష్ఠ వేగానికి తగ్గాలి. అవసరమైతే పూర్తిగా ఆగాలి. మంచులో శబ్దం ఏ దిక్కు నుండి వస్తున్నదో చెవి పొరబడవచ్చు కనుక కూతను బట్టి దిక్కును ఊహించి మలుపు తిప్పడం ప్రమాదకరం.

ధ్వని సంకేతాలు

దీర్ఘమైన కూత 4 నుండి 6 సెకన్లు, పొట్టి కూత సుమారు 1 సెకను ఉంటుంది.

* కదులుతున్న ఇంజను నౌక: 2 నిమిషాలకు మించని వ్యవధిలో ఒక దీర్ఘమైన కూత.
* లంగరు వేయకుండా నీటిపై నిలిచిన ఇంజను నౌక: అదే వ్యవధిలో రెండు దీర్ఘమైన కూతలు.
* తెరచాప నౌక, చేపలు పట్టే నౌక: అదే వ్యవధిలో ఒక దీర్ఘమైన, రెండు పొట్టి కూతలు.
* లంగరు వేసిన నౌక: 1 నిమిషానికి మించని వ్యవధిలో సుమారు 5 సెకన్లపాటు వేగంగా గంట.

12 మీటర్ల కంటె పొట్టి పడవలు ఈ సంకేతాలకు బదులు 2 నిమిషాలకు మించని వ్యవధిలో వేరే ఏదైనా గట్టి శబ్దం చేయవచ్చు. విశాఖపట్నం, కాకినాడ వంటి రేవుల వద్ద పెద్ద ఓడల దారికి దగ్గరగా వేటాడే చిన్న పడవలకు ఇది ముఖ్యం. చెక్క, ఫైబర్ పడవలు రాడార్‌లో సరిగా కనిపించకపోవచ్చు. రాడార్ తరంగాలను తిప్పికొట్టే లోహపు పరికరాన్ని ఎత్తున కడితే కనిపించే అవకాశం పెరుగుతుంది.

ప్రమాదాలు

1914 మే 29న కెనడాలోని సెయింట్ లారెన్స్ నదిలో పొగమంచులో ఎంప్రెస్ ఆఫ్ ఐర్లాండ్ అనే ఓడను మరొక ఓడ ఢీకొనగా వెయ్యి మందికి పైగా మరణించారు. 1956 జూలై 25న అమెరికా తీరంలో ఆండ్రియా డోరియా, స్టాక్‌హోమ్ ఓడలు ఢీకొని 51 మంది మరణించారు. ఈ రెండు ఓడలలోను రాడార్ ఉంది. పొగమంచులో ఉన్న ఆండ్రియా డోరియా వేగాన్ని కొద్దిగా మాత్రమే తగ్గించింది. పరికరం ఉన్నంత మాత్రాన వేగం తగ్గించనవసరం లేదనుకోవడం ప్రాణాంతకమని ఈ ఘటన తెలిపింది. 1960లో సవరించిన నియమాలలో రాడార్ వినియోగంపై సూచనలను చేర్చారు.