‘మీ నాన్నగారు ఏం చేస్తారు?’

ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూల కోసం నెల రోజులు చదివాను. డేటా స్ట్రక్చర్లు, డీబీఎంఎస్, నా ప్రాజెక్టు... అన్నింటికీ జవాబులు సిద్ధం. తడబడినది ఒక్క ప్రశ్న దగ్గరే: ‘మీ నాన్నగారు ఏం చేస్తారు?’

నమూనా ఇంటర్వ్యూలో ‘చెప్పులు కుడతారు’ అన్నాను. ‘చిన్న వ్యాపారం అని చెప్పు’ అన్నారు శిక్షణ ఇచ్చే సారు. నా మేలు కోరే అన్నారు. నిజం చెబితే నష్టపోతానని ఆయనకు తెలుసు.

ఆ భయం నిరాధారం కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో సమాన అర్హతలున్న దరఖాస్తులు ప్రైవేటు సంస్థలకు వెళ్లాయి. దళిత పేర్లున్న వాటికి పిలుపులు తక్కువగా వచ్చాయి. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్‌లతో మాట్లాడిన నియామకాధికారులు అభ్యర్థి కుటుంబ నేపథ్యానికి ప్రాధాన్యమిస్తామనే చెప్పారు. రాజ్యాంగంలోని 16(4) అధికరణ ప్రభుత్వ కొలువులకే పరిమితం. ప్రైవేటు ఇంటర్వ్యూ గదిలో ‘ప్రతిభ’ను తూచే తరాజు ఎవరి చేతిలో ఉందో ఎవరూ అడగరు.

అసలు ఇంటర్వ్యూలోనూ ఆ ప్రశ్న వచ్చింది. నిజమే చెప్పాను. ఫలితం ఇంకా రాలేదు.

విద్యార్థికి తండ్రి వృత్తిని దాచడం నేర్పడం శిక్షణ కాదు. పనితో సంబంధం లేని ప్రశ్నలు అడగబోమని ప్రాంగణానికి వచ్చే ప్రతి సంస్థ నుంచీ ప్లేస్‌మెంట్ విభాగం ముందే రాతపూర్వక హామీ తీసుకోవాలి. ఆ హామీ కోసం విద్యార్థి సంఘాలు పట్టుబట్టాలి.