గిర్రున తిరిగే పెట్టె.. కాలి కిందికొచ్చింది!

విజయవాడ: రైల్వే గేటు దగ్గర నిలబడిన వారికి ఈ సంగతి అనుభవమే. కూత వేసుకుంటూ దూసుకొచ్చే రైలు దగ్గరయ్యేంత వరకు కూత హెచ్చు శ్రుతిలో వినిపిస్తుంది. మనల్ని దాటగానే శ్రుతి దిగిపోతుంది. కూత మారలేదు. కూత వేసే బండి కదిలింది, అంతే. బడి పుస్తకాల్లో డాప్లర్ ప్రభావంగా చదువుకునే ఈ సూత్రమే గిటారుకు ఒక కొత్త గొంతునిచ్చింది. పెళ్లి పందిళ్లలో, ఉత్సవ వేదికల మీద వాయించే మన ఆర్కెస్ట్రా గిటారిస్టులు ఆ గొంతును ఇప్పుడు చిన్న పెడల్‌తో పలికించవచ్చు. అయితే అందులో కొంత కిటుకు ఉంది.

స్పీకరే తిరిగితే?

అమెరికాలో 1935లో హమ్మండ్ ఎలక్ట్రిక్ ఆర్గన్ బజారులోకి వచ్చింది. పెద్ద హాలులో నిండుగా మోగే ఆ వాద్యం ఇంట్లో చప్పగా ఉందనిపించి డొనాల్డ్ లెస్లీ అనే ఆయన ఒక ఉపాయం పన్నారు. చెక్క పెట్టెలో పైభాగాన మోటారుతో తిరిగే హారన్‌ను, కింద బాస్ స్పీకరు శబ్దాన్ని చుట్టూ విరజిమ్మే డ్రమ్మును అమర్చారు. 1940 ప్రాంతంలో రూపుదిద్దుకున్న ఈ పెట్టెకు లెస్లీ స్పీకరన్న పేరు స్థిరపడింది.

వేగంలో పెడితే హారన్ నిమిషానికి సుమారు 400 సార్లు తిరుగుతుంది. నిదానంలో పెడితే 50 సార్లకు మించదు. హారన్ మన వైపు వస్తుంటే శ్రుతి రవ్వంత పెరుగుతుంది, దూరమవుతుంటే తగ్గుతుంది. దాంతోపాటే ధ్వని హెచ్చుతగ్గులవుతుంది. హారన్ మూతి అటు తిరిగినప్పుడు నాదంలో పదును తగ్గుతుంది. ఈ మూడూ కలిస్తేనే ఆ సుడి తిరిగే నాదం.

1966లో బీటిల్స్ బృందం ‘టుమారో నెవర్ నోస్’ పాటలో జాన్ లెనన్ గొంతునే ఈ పెట్టెలోంచి పంపింది. 1967లో ఫెండర్ కంపెనీ గిటార్ల కోసం ప్రత్యేకంగా వైబ్రాటోన్ అనే తిరిగే స్పీకరును విడుదల చేసింది. చిక్కల్లా బరువుతోనే. పేరుమోసిన 122 రకం లెస్లీ 60 కిలోలకు పైమాటే. రాత్రి గుడివాడలో, మర్నాడు మచిలీపట్నంలో కచేరీ ఉన్న గిటారిస్టు దాన్ని మోసుకు తిరగడం అయ్యే పని కాదు.

బల్బు చేసిన మాయ

మోటారు లేకుండానే అలాంటి నాదం తెచ్చిన వాటిలో జపానుకు చెందిన ఫుమియో మియెడా రూపొందించిన యూనివైబ్ ప్రసిద్ధమైనది. పెట్టె లోపల ఒక చిన్న బల్బు వెలుగుతూ తగ్గుతూ ఉంటుంది. దాని చుట్టూ ఉన్న నాలుగు కాంతి సెల్లులు ఆ వెలుగును బట్టి ధ్వని తరంగాలను అటూ ఇటూ జరుపుతాయి. షార్ట్ వేవ్ మీద రేడియో సిలోన్ విన్నవారికి పాట మధ్యలో ఊగుతూ వచ్చిన ఆ నాదం గుర్తుండే ఉంటుంది. యూనివైబ్ నాదం ఇంచుమించు అలాగే ఉంటుంది. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో జిమీ హెండ్రిక్స్ వాడడంతో దీని పేరు మారుమోగింది. ఆ తర్వాత 1974లో ఎంఎక్స్‌ఆర్ ఫేజ్ 90, 1976లో బాస్ కంపెనీ కోరస్ పెడల్ సీఈ-1 వచ్చాయి. ఇప్పుడు హారన్‌ను, డ్రమ్మును వేర్వేరుగా అనుకరించే డిజిటల్ రోటరీ పెడళ్లు దొరుకుతున్నాయి.

కొనేముందు చూడవలసినవి

కచేరీ డబ్బులు కూడబెట్టి కొనేవారు మొదట గమనించవలసింది వేగం మారే తీరు. సీలింగ్ ఫ్యాను స్విచ్ వేయగానే ఒక్కసారిగా జోరందుకోదు. లెస్లీ కూడా అంతే. తేలికైన హారన్ త్వరగా వేగం పుంజుకుంటుంది, బరువైన డ్రమ్ము కొన్ని సెకన్లు వెనకబడుతుంది. పాటకు ప్రాణం పోసేది ఆ మధ్య కాలమే. స్విచ్ నొక్కగానే వేగం ఠక్కున మారిపోయే పెడల్‌లో ఆ అందం రాదు.

రోటరీ పెడల్‌కు డబ్బు చాలనివారు ఫేజర్, కోరస్ కలిపి వాడుకోవచ్చు. రెండింటి వేగాలూ ఒకటే కాకుండా కాస్త తేడాగా పెట్టాలి. నిదానానికి సెకనుకు ఒక ఊపు కన్నా కొంచెం తక్కువ, వేగానికి ఆరేడు ఊపులు ఉంటే సరి. ట్రెబుల్ కొంత తగ్గించాలి. ఓవర్‌డ్రైవ్ వాడేట్లయితే వీటికి ముందే ఉండాలి. అసలు లెస్లీలోనూ ధ్వని ముందు ఆంప్లిఫయర్‌లో చిక్కబడి, ఆ తర్వాతే తిరుగుతుంది.

మన పందిళ్లలో కుడి ఎడమ బాక్సులకు ఒకే ధ్వని పంపడం మామూలు. అలాంటి చోట పెడల్‌కు ఉన్న రెండు అవుట్‌పుట్‌లనూ కలిపేస్తే ఒకదాన్నొకటి కొట్టేసి నాదం పలచబడే ప్రమాదం ఉంది. మోనోగా ఒక్క అవుట్‌పుట్ తీసుకుంటే చాలు. చాలా పెడళ్లకు 9 వోల్టుల అడాప్టర్ పిన్ను మధ్యభాగం నెగెటివ్‌గా ఉండాలి. బజారులో చేతికొచ్చింది తెచ్చి గుచ్చితే పెడల్ పాడయ్యే ప్రమాదముంది.

గమకం దగ్గర ఆపాలి

ఇక అసలు విషయం. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో పాలకొల్లుకు చెందిన తొమ్మిదేళ్ల బాలుడు మాండలిన్‌పై తొలి కచేరీ చేశాడు. ఆయనే తర్వాత లోకమెరిగిన మాండలిన్ శ్రీనివాస్. విదేశీ వాద్యం మీద, కరెంటు సాయంతో కర్ణాటక సంగీతాన్ని ఆయన పలికించారు. కరెంటు నాదాన్ని పెంచింది. గమకం మాత్రం వేళ్లదే.

గిటారిస్టులు గుర్తుంచుకోవలసింది ఇదే. గమకంలోనూ శ్రుతి ఊగుతుంది, తిరిగే స్పీకరులోనూ ఊగుతుంది. రెండూ ఒకేసారి ఊగితే రాగం చెదురుతుంది. పాట వెనుక నిలిచే కార్డ్స్‌కు సుడి అందం. పల్లవిని తీగ మీద పలికించాల్సి వచ్చినప్పుడు మాత్రం పెడల్ మీద ఒకసారి కాలు వేసి ఆపేయడమే మేలు. అక్కడ శ్రోతకు వినిపించాల్సింది వేలి పనితనం.