అతిథి రాగానే వెలుగు దీపము

క్వినైను ద్రావణములో కొంచెము గంధకికామ్లము చేర్చి ఎండలో పట్టి చూచినచో ఒక నీలికాంతి కనబడును. 1852లో స్టోక్స్ పండితుడు ఇట్టి కాంతికి ఫ్లోరసెన్సు అని పేరిడినాడు. మన పాఠ్యపుస్తకములలో ఇది ప్రతిదీప్తి. జెంటామైసిన్, నియోమైసిన్ వంటి మందులకు ఈ భాగ్యము లేదు. చక్కెర వలయములతో కట్టబడిన ఆ అణువులు ఎంత కాంతి ప్రసరింపజేసినను వెలుగవు. మరి అవి బాక్టీరియాలో ఎచ్చట కుదురుకొనునో, ఎంత గట్టిగా పట్టుకొనునో కనుగొనుట యెట్లు?

అతిథి దీపము తేనిచో ఇంటిలోనే దీపము పెట్టవలెను. ఈ మందులు చేరు ఇల్లు, మాంసకృత్తులను అల్లు రైబోజోములోని ఆర్.ఎన్.ఏ. పోగు. అందులో 1492, 1493 స్థానములలో రెండు అడినినులు కలవు. ఆ గూటిని మాత్రము పోలిన చిన్న ఆర్.ఎన్.ఏ. ముక్కను ప్రయోగశాలలో నిర్మించి, ఒక అడినినుకు బదులు 2-ఎమినోప్యూరిన్ అను దాని కవలను నిలుపుదురు. అడినినులో ఆరవ స్థానమున నుండు ఎమినో సమూహము దీనిలో రెండవ స్థానమున నుండును, అంతియే భేదము. కాని అడినిన్ దాదాపు వెలుగదు, ఇది చక్కగా వెలుగును. 1969లోనే ఈ గుణమును వార్డ్, రైక్, స్ట్రయర్ అనువారు వివరించినారు.

ఇక చమత్కారము వినుడు. ఇరుగుపొరుగు క్షారముల నడుమ ఒదిగియున్నంతసేపు దీని వెలుగు అణగియుండును. పారొమోమైసిన్ వంటి మందు గూటిలో దూరగానే ఈ క్షారము వెలుపలికి త్రోయబడును, వెలుగు హెచ్చును. అది 370 నానోమీటర్ల ప్రాంతమున నుండుటచే మన కంటికి కానరాదు, యంత్రమే కొలవవలెను. మందును చుక్కచుక్కగా చేర్చుచు కొలిచినచో బంధబలము రేఖాపటమునుండి తేలును. దీపమే ఇంటిని మార్చివేసినదేమో అను శంక న్యాయమైనదే. అందుచే ఇతర పద్ధతులతోను సరిచూచుట అవసరము.

ఆ గూటిలోనే 1408వ స్థానమున బాక్టీరియాకు అడినిన్, మన కణద్రవ్యపు రైబోజోములకు గ్వానిన్ ఉండును. ఈ ఒక్క అక్షరపు భేదమే మనకు పెద్ద రక్ష. అయితే మన మైటోకాండ్రియాకు వేరు రైబోజోములు కలవు. కొన్ని కుటుంబములలో వాని ఆర్.ఎన్.ఏ.లో 1555వ స్థానమున అడినినుకు బదులు గ్వానిన్ తల్లినుండి సంక్రమించును. అపుడు ఆ గూడు బాక్టీరియా గూటిని మరింత పోలును. అట్టి బిడ్డకు ప్రాణరక్షణకై ఇచ్చిన ఇంజక్షనే వినికిడిని హరింపవచ్చును. 1993లో ఈ సంగతి వెల్లడియైనది. ఒక గూటిని పట్టుకొని రెండవదానిని విడిచిపెట్టు మందును వెదకువారు, రెండు గూళ్లలోను దీపము నిలిపి, ఏది ఎంత వెలిగినదో పోల్చి చూతురు.