చేపు నేర్చుకున్న యంత్రం

తెల్లవారుజామున మా నాయనమ్మకూ బర్రెకూ రోజూ ఒక తగవు నడిచేది. హుజూర్‌నగర్ పక్కన, సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే మా ఊళ్లో అప్పట్లో ఇంటింటా పాడి ఉండేది. చెంబు మోకాళ్ల నడుమ ఇరికించుకుని, పొదుగు కడిగి, చన్నులు ఎంత లాగినా కొన్నిరోజులు చెంబు అడుగు కూడా తడిసేది కాదు. "చేపుతలేదు బిడ్డా, దూడనిడువు" అనేది నాతో. దూడ ఉరికొచ్చి మూతితో నాలుగు పోట్లు పొడిచేసరికి పొదుగు రూపే మారిపోయేది. రెండు గుక్కలు తాగిన దూడను లాగి గుంజకు కట్టేస్తే, అదే చేతికి, అదే చెంబులోకి పాలు సర్రుసర్రున పడేవి. దూడకు జరిగే అన్యాయం నాకు కనిపించేది గానీ, పొద్దున చాయ కూడా కావాలి కదా!

పాలు ఊరడం ఒకటి, దిగిరావడం ఇంకొకటి. ఈ రెండోదానికి మనకున్న మాట చేపు. మనుషులకూ అదే మాట. పసిపిల్లను ఇంట్లో ముసలమ్మకు అప్పజెప్పి నాట్లకు పోయిన బాలింతకు, పొద్దెక్కేవేళకు పాలు చేపుకొచ్చి రైక తడిసేది. పక్క మడి గట్టు మీద ఎవరి బిడ్డ ఏడ్చినా అంతే. గట్టెక్కి, అటు తిరిగి కూర్చుని, చేత్తో పిండి పారబోసి మళ్లీ వరుసలో కలిసేది. పిండకుంటే రొమ్ములు రాయిలా గట్టిపడి సాయంత్రానికి జ్వరం పట్టుకునేది. అట్లా ఎన్ని పాలు సాగర్ ఆయకట్టు మట్టిలోకి ఇంకిపోయాయో! దాచి బిడ్డకు పట్టాలంటే చల్లటి చోటేదీ?

బ్రెస్ట్ పంపు కథ చదివినప్పుడల్లా నాకు ఆ చెంబే గుర్తొస్తుంది. దీన్ని తయారుచేసినవాళ్లు ఎంత తెలివైనవాళ్లయినా, వందేళ్లకు పైగా లాగడం గురించే ఆలోచించారు.

మొదట్లో దీన్ని బిడ్డ కోసం చేయలేదు. 16వ శతాబ్దపు ఐరోపాలో పొడుగాటి గొట్టం ఉన్న గాజు పాత్రలుండేవి. వెడల్పు మూతి రొమ్ముకు ఆనించి, గొట్టం కొస నోట్లో పెట్టుకుని తల్లే పీల్చుకునేది. సలుపు తగ్గడం, లోపలికి పోయిన చనుమొన బయటికి రావడం, దాని పని అంతవరకే. 1854లో ఆర్వెల్ నీధమ్ అనే అమెరికన్ పంపుకు పేటెంటు తీసుకున్నాడు. తర్వాత రబ్బరు బుడ్డి తగిలించిన గాజు పంపులొచ్చాయి. సైకిలు హారన్‌లాంటి ఆ బుడ్డి మన మందుల షాపుల్లోనూ చాలాకాలం అమ్ముడుపోయింది. దాని లోపలికి పాలు పోతే కడగడం ఎవరి తరమూ కాదు. వాడొద్దని డాక్టర్లు చెప్పడం అందుకే.

కరెంటు పంపు దగ్గరికొచ్చేసరికి కథలోకి ఒక చదరంగం ఆటగాడు వస్తాడు. ఎడ్వర్డ్ లాస్కర్. 1912లో లండన్‌లో జార్జ్ థామస్ మీద మంత్రిని బలిచ్చి, అవతలి రాజును తన గడి లోంచి పెరికి, బోర్డు ఆ కొస నుంచి ఈ కొసకు నడిపించి కట్టేసిన మనిషి. చదరంగం పుస్తకాల్లో ఆ ఆట ఇప్పటికీ కనిపిస్తుంది. చదువుకు మెకానికల్ ఇంజనీరు. నెలలు నిండక పుట్టి, రొమ్ము పట్టే శక్తి లేని పిల్లలకు తల్లిపాలు అందించాలన్న తపన షికాగోలో ఐజాక్ ఆబ్ట్ అనే పిల్లల డాక్టరుది. ఆయనకు కావలసిన యంత్రాన్ని లాస్కర్ చేశాడు, 1923లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. పంపు బిడ్డ కోసం పనిచేయడం ఇక్కడ మొదలైంది. లాస్కర్‌కు చదరంగం తెచ్చినదానికన్నా ఎక్కువ డబ్బు దీని మీద వచ్చింది.

ఆ తర్వాతి మలుపు స్వీడన్‌లో. ఎంత బలంగా లాగితే అన్ని పాలొస్తాయనుకునే రోజుల్లో, చర్మం చిట్లి రక్తం వచ్చిన తల్లులు తక్కువేం కాదు. ఐనార్ ఎగ్నెల్ అనే ఇంజనీరు ఎంత లాగుడు తట్టుకోగలరో కొలవడం మొదలుపెట్టి, 1956లో ఆ కొలతలను ప్రచురించాడు. మన చుట్టూ ఉన్న గాలి పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం కదా. పంపు లోపల అది 250 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ తగ్గకూడదు, అది కూడా ఆగి ఆగి లాగాలి తప్ప పట్టిన పట్టు విడవకుండా లాగకూడదు. ఆ కొలతలతో చేసిన పంపుకు ఆస్పత్రి నర్సు సిస్టర్ మాయా పేరే పెట్టాడు. బరువైన పెట్టె, ఆస్పత్రి గది దాటేది కాదు. చేతిసంచీలో పట్టే పంపులు మార్కెట్లోకి రావడానికి 1990ల దాకా పట్టింది.

సరే, గాయాలు తగ్గాయి. చేపు సంగతి?

మెదడు కింద వేలాడే శనగగింజంత పిట్యూటరీ గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ అనే రసాయనం విడుదలవుతుంది. అది నెత్తురులో కలిసి రొమ్ముకు చేరి, పాల తిత్తుల చుట్టూ వలలా అల్లుకున్న కండర కణాలను పిసుకుతుంది. పాలు నాళాల్లోకి దూకుతాయి. చేపు అంటే ఇదే. పిట్యూటరీ సారం ఇస్తే మేకకు పాలు దిగుతాయని 1910లో ఆట్, స్కాట్ అనే ఇద్దరు చూపించారు. 1953లో విన్సెంట్ డు విన్యో ఈ రసాయనాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు, రెండేళ్లకు నోబెల్ అందుకున్నాడు.

నాకు మాత్రం ఆ నోబెల్ కన్నా 1948 నాటి ఒక చిన్న ప్రయోగమే ఇష్టం. మైఖేల్ న్యూటన్, నైల్స్ న్యూటన్ దంపతులది. ఒకే తల్లి, ఒకే బిడ్డ. తల్లి ప్రశాంతంగా ఉన్నప్పుడు బిడ్డ తాగిన పాలు సగటున 168 గ్రాములు. కాళ్లు మంచునీళ్లలో పెట్టించి, ఊపిరాడకుండా లెక్కలు అడిగి, బొటనవేలు గుంజి సతాయించినప్పుడు 99 గ్రాములే. అదే సతాయింపు మధ్య ఆక్సిటోసిన్ సూది వేస్తే 153. రొమ్ములో పాలు ఎక్కడికీ పోలేదు, దిగడమే మానేశాయి. అత్తగారి మాట పడ్డ పూట పిల్లకు పాలు సరిపోలేదని చెప్పుకునే బాలింతలకు ఈ లెక్క కొత్తేం కాదు.

బర్రె ఎందుకు అంత మొండిదో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఆవు పొదుగులో చన్నుల పైన తొట్టిలాంటి ఖాళీ ఉంటుంది. మొత్తం పాలలో ఐదో వంతు దాకా ముందే అందులోకి దిగి ఉంటాయి. కాబట్టి చేపకపోయినా చెంబులో కొన్ని పడతాయి. బర్రెకు ఆ తొట్టిలో ఉండేవి నూటికి ఐదు పాళ్లే. మరి మనిషికి? చనుమొన వెనక చిన్న చిన్న పాల సంచులుంటాయని 1840లో ఆస్ట్లీ కూపర్ బొమ్మలు గీసిన నాటి నుంచీ పుస్తకాలు చెబుతూ వచ్చాయి. 2005లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పీటర్ హార్ట్‌మన్ బృందం పాలిచ్చే తల్లుల రొమ్ములను అల్ట్రాసౌండ్‌తో చూసింది. సంచులు లేవు. సన్నటి నాళాలున్నాయి, అంతే. అంటే పాలు చేపడంలో మనం ఆవు కన్నా బర్రెకే దగ్గర. చేపనిదే యంత్రం ఎంత లాగినా రాలేది నాలుగు చుక్కలే.

అదే బృందం బిడ్డనూ చూసింది. రొమ్ము పట్టగానే బిడ్డ గబగబా, నిమిషానికి వంద సార్లకు పైగా చప్పరిస్తుంది. పాలు మింగడానికి కాదది, దూడ పోట్లలాంటిదే. పాలు దిగాక నెమ్మదిస్తుంది, నిమిషానికి అరవై దరిదాపుల్లో పెద్ద గుక్కలు. ఇప్పుడొచ్చే పంపుల్లో మొదటి రెండు నిమిషాలు మోటారు టకటకలాడి, తర్వాత తీరు మార్చి నింపాదిగా లాగడం అక్కడి నుంచి వచ్చినదే. 1854 నుంచి లెక్కేసుకుంటే, దూడనిడవడం నేర్చుకోవడానికి యంత్రానికి నూటయాభై ఏళ్లు పట్టింది.

అయితే అన్నిటికీ యంత్రమే అక్కర్లేదు. దావణగెరెలో నిర్మలా కేసరి, ఆమె తోటి డాక్టర్లు లోపలికి పోయిన చనుమొనలకు మామూలు ప్లాస్టిక్ సిరంజిని వాడిన తీరును 1993లో ప్రచురించారు. సూది బిగించే కొసను కోసేసి, పిస్టన్‌ను ఆ వైపు నుంచి దూర్చి, నున్నటి వైపును రొమ్ముకు ఆనించి మెల్లగా లాగడమే. పది రూపాయల పని. చెయ్యి కూడా తక్కువది కాదు. పంపు నడుస్తుండగా చేత్తో రొమ్మును నిమిరి నొక్కుతూ పోయిన తల్లులకు పాలు దాదాపు సగం పెరిగాయని అమెరికాలో జేన్ మోర్టన్ 2009లో చూపించారు.

మన దగ్గర ఈ కథ నీలోఫర్ ఆస్పత్రి దాకా వస్తుంది. నిజాం రెండో కొడుకును పెళ్లాడి వచ్చిన టర్కీ రాజవంశపు రాకుమారి నీలోఫర్, తన పరిచారిక కాన్పులో చనిపోయిన దుఃఖంతో తలపెట్టిన ఆస్పత్రి అది. డు విన్యో ఆక్సిటోసిన్ తయారుచేసిన 1953లోనే తెరుచుకుంది. 2017లో అక్కడ ధాత్రి తల్లిపాల బ్యాంకు వచ్చింది. ధాత్రి అంటే సంస్కృతంలో దాది. ఒక బిడ్డ తల్లి పాలు ఇంకో బిడ్డకు పట్టాలంటే వాటిని 62.5 డిగ్రీల దగ్గర అరగంట కాచి, చల్లార్చి, పరీక్షించి గడ్డకట్టిస్తారు. సొంత బిడ్డకైతే ఆ కాచడం అక్కర్లేదు. ఏడో నెలలో పుట్టిన బిడ్డకు పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం ఒకదానితో ఒకటి కలవవు. 34 వారాల వయసు దరిదాపులకు వచ్చేదాకా ముక్కులోంచి వేసిన గొట్టమే గతి. అప్పటిదాకా తల్లి రెండు మూడు గంటలకోసారి, రాత్రిపూట కూడా, పాలు తీస్తూనే ఉండాలి. లేకుంటే ఊరడమే ఆగిపోతుంది. గొట్టం తీసేశాక సీసా ఇవ్వరు. ఉగ్గుగిన్నె ఇస్తారు. మా ఇళ్లల్లో అటకెక్కిన ఆ ముక్కుగిన్నె అక్కడ ఇంకా కొలువు చేస్తోంది.

మా అక్క మనవరాలికి ఇప్పుడు ఐదు నెలలు దాటింది. దాని తల్లి హుజూర్‌నగర్‌లో ఉద్యోగం చేస్తుంది. ప్రసూతి సెలవుల చట్టానికి 2017లో వచ్చిన సవరణ పుణ్యమా అని 26 వారాల సెలవు దొరికింది, అదీ అయిపోవచ్చింది. యాభై మంది పనిచేసే చోట పిల్లల గది ఉండాలని కూడా ఆ సవరణే చెప్పింది. వీళ్ల ఆఫీసులో లెక్కపెడితే పదకొండు మంది. నాట్లేసేవాళ్ల ఊసు ఆ సవరణలో ఎక్కడా లేదు. అందుకని పాత ఫైళ్ల గదికి లోపల గడియ వేసుకుని పాలు తీద్దామని ఇప్పటి నుంచే ఇంట్లో సాధన చేస్తోంది. తీసిన పాలు గదిలో నాలుగు గంటలు నిలుస్తాయని పంపు డబ్బా మీద రాసి ఉంది, గది 25 డిగ్రీలు దాటకుంటే. మే నెలలో మా ఊళ్లో అంత చల్లటి గది ఏ ఇంట్లో ఉంటుంది? ఐస్ ముక్కల సంచీ కొన్నాం.

మొదటిరోజు ఇరవై నిమిషాలు కూర్చున్నా సీసాలో పది మిల్లీలీటర్లు దాటలేదు. "చేపుతలేదు చిన్నమ్మా" అంది, మోటారు ఆపి. ఆ మాట దానికి ఎవరు నేర్పారో! ఇంట్లో బర్రె లేక ఇరవై ఏళ్లయింది. మరునాడు పాప కప్పుకున్న గుడ్డ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కగదిలో పాప నిద్రలేచి కుయ్యిమంది. గరాటు అంచు నుంచి పాలు సన్నటి ధారగా సీసాలోకి జారాయి. మోటారు ఇంకా టకటకలాడుతూనే ఉంది.