పాత ట్రాక్టరు: ప్రదర్శనకా? పొలానికా?

గుంటూరు నుండి పొన్నూరు మీదుగా బాపట్లకు పోయే దారిలో చేబ్రోలును దాటే బాటసారి చూపు సహజంగా ఆలయాల మీదికి, కోనేటి నడుమ వెలసిన చతుర్ముఖ బ్రహ్మ గుడి మీదికి పోతుంది. అదే దారి పొడవునా దొడ్లలో, రేకుల పాకల క్రింద, చెట్ల నీడన రంగు వెలిసి, టైర్లు నేలకు కరచుకొని నిలిచిపోయిన ట్రాక్టర్లను పరికించి చూసేవారు తక్కువ. అవి ఎవరికీ పురాతన వస్తువులుగా తోచవు. యజమాని దృష్టిలో అవి పాత ఇనుము. పిల్లల దృష్టిలో ఎక్కి ఆడుకునే బొమ్మలు. అయితే ఈ డెల్టా సేద్యం ఎద్దుల కాడి నుండి ఇంజనుకు మారిన కథకు మిగిలిన సాక్షులు అవే. వాటిని బాగుచేయించాలనే కోరిక ఈ మధ్య కొందరిలో కలుగుతున్నది. ఆ కోరిక కలిగిన వెంటనే తలెత్తే ప్రశ్ననే ఈ వ్యాసానికి శీర్షికగా ఉంచాము.

ముందు కొంత పూర్వకథ. మన దేశంలో ట్రాక్టరు తయారీ ఆరంభమైనది 1959లో, ఫరీదాబాదులోని ఐషర్ కర్మాగారంలో. 1960లో మద్రాసులో టాఫే సంస్థ ఏర్పడి మాస్సీ ఫెర్గూసన్ నమూనాలను తయారుచేయసాగింది. 1963లో మహీంద్రా వారు ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సహకారంతో రంగంలోకి వచ్చారు. 1971లో రెండు బండ్లు వెలువడ్డాయి: పింజోరులో హెచ్.ఎం.టి. వారి 25 అశ్వశక్తుల జెటార్, ఫరీదాబాదులో ఎస్కార్ట్స్ వారి ఫోర్డు 3000. 1974లో వచ్చిన స్వరాజ్ విదేశీ నమూనా లేకుండా మన ఇంజనీర్లే రూపొందించినది. వీటిలో మద్రాసు నుండి వచ్చిన ఎర్రని మాస్సీలు మన జిల్లా రైతుకు ఎక్కువ దగ్గరయ్యాయి. సింప్సన్ ఇంజను శబ్దాన్ని దూరం నుండి విని బండి ఎవరిదో చెప్పగల పెద్దలు నేటికీ పల్లెల్లో ఉన్నారు.

పునరుద్ధరణ అనే ఒకే మాటను మనము రెండు వేర్వేరు పనులకు వాడుతున్నాము. చిక్కంతా అక్కడనే ఉన్నది. ప్రదర్శనకు బాగుచేసేవాడు ‘ఇది ఎట్లా ఉండేది?’ అని అడుగుతాడు. పొలానికి బాగుచేసేవాడు ‘ఇది రేపు ఎట్లా నడుస్తుంది?’ అని అడుగుతాడు. మొదటివానికి అరిగిపోయిన పాత క్లచ్ పెడలు అమూల్యం, ఎందుకనగా దానిని అరగదీసినది ఒక మనిషి పాదం. రెండవవానికి అదే పెడలు ప్రమాదం, ఎందుకనగా తడి కాలు దాని మీది నుండి జారుతుంది. ఇద్దరి మాటా సబబే. ఒకే బండి మీద ఇద్దరి కోరికా సంపూర్ణంగా తీరదు.

పాత మోటారు వాహనాల విషయంలో ప్రభుత్వమే ఈ భేదాన్ని గుర్తించింది. 2021లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ వెలువరించిన నిబంధనల ప్రకారం, యాభై ఏండ్లు దాటి, మౌలిక రూపం గణనీయంగా మారని సొంత వాడకపు ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలను వింటేజి వాహనాలుగా ప్రత్యేకంగా నమోదు చేయించుకోవచ్చును. అట్లు నమోదైన వాహనాన్ని ప్రదర్శనకు, ర్యాలీకి, పరిశోధనకు, మరమ్మతుకు రోడ్డెక్కించవచ్చును గాని నిత్య ప్రయాణానికిగాని వ్యాపారానికిగాని వాడరాదు. గౌరవం కావాలంటే శ్రమ మానుకోవాలని దీని భావం. ట్రాక్టరు విషయంలోనూ ఈ గీతను మనసులో గీసుకొని పని మొదలుపెట్టడం మంచిది.

ప్రదర్శనకే నిశ్చయించుకుంటే మొదట చేయవలసిన పని ఏ పనీ చేయకపోవడమే. ఈ మాట వింతగా ఉండవచ్చును. చేబ్రోలు వాసులకు మాత్రం దీనిని వివరించనక్కరలేదు. భీమేశ్వరాలయ పునరుద్ధరణ సందర్భంలో బయటపడిన రాతి శాసనం శాతవాహన రాజైన విజయుని కాలానిదని, క్రీ.శ. 207 నాటిదని, దక్షిణ భారతంలో అంతవరకు లభించిన సంస్కృత శాసనాలలో తొలిదని 2019లో పురాలిపి శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ రాతిని ఎవరైనా శుభ్రం చేస్తున్నామనుకొని ఉలితో చెక్కి నునుపు చేసి ఉంటే ఏమయ్యేది? ఇనుము మీద రంగు పొరలు కూడా ఒక విధమైన లిపియే. నాణెమంత చోట మెత్తని ఉప్పు కాగితంతో రుద్ది చూస్తే కర్మాగారపు రంగు, దాని మీద యజమాని వేయించిన రంగు, రెండవ యజమాని వేయించిన రంగు వరుసగా వలయాలుగా కనిపిస్తాయి. ఇసుక పిచికారీతో ఒక్క పూటలో వాటిని ఊడ్చివేసి తళతళలాడే ఎరుపు పూయించడం సులభం. ఆ ఎరుపు చూడముచ్చటగానే ఉంటుంది, కాని అది నిన్నటి ఎరుపు.

రైతు చేసిన మార్పుల మాట ఇంకా ముఖ్యం. 1958 జనవరిలో ఎడ్మండ్ హిల్లరీ బృందం ఫెర్గూసన్ ట్రాక్టర్ల మీద దక్షిణ ధ్రువాన్ని చేరింది. ఇంగ్లండులోని కోవెంట్రీలో 1946 నుండి 1956 వరకు ఐదు లక్షలకు పైగా తయారైన సాధారణమైన సేద్యపు బండ్లలోనివే అవి. మంచు మీద నడవడానికి చక్రాలకు ఇనుప పట్టాలు తొడిగారు. ‘అసలు రూపం’ పేరిట ఆ పట్టాలను ఊడదీస్తే ఆ బండ్లలో మిగిలే విశేషమేమున్నది? మన వైపు బండికి ఊరి వెల్డింగు దుకాణంలో అతికించిన నీడ కప్పు, బానెట్ మీద రాయించుకున్న బిడ్డల పేర్లు, దమ్ముకు తొడిగిన ఇనుప చక్రాలు కూడా అట్టివే. మా అభిప్రాయంలో వాటిని తీసివేసిన ట్రాక్టరు మద్రాసు కర్మాగారానిదవుతుందే గాని చేబ్రోలుది కాదు.

ఇక నిలిపి ఉంచే విధానం. పాశ్చాత్య దేశాల పుస్తకాలు నీరు గడ్డకట్టి ఇంజను దిమ్మ పగులుతుందని హెచ్చరిస్తాయి. గుంటూరు ఎండలకు ఆ భయం లేదు. మనకు శత్రువు తుప్పు. బాపట్ల, రేపల్లె దిక్కున సముద్రపు గాలి దానికి తోడు. రేడియేటరులోని నీటిని, ఇంజను దిమ్మలోని నీటిని పూర్తిగా దించివేయాలి. బరువు కోసం వెనుక టైర్లలో నీరు నింపి ఉంటే దానినీ తీయాలి, లేనిచో రిమ్ములు లోపలి నుండి తినివేయబడతాయి. బండిని దిమ్మల మీదికి ఎత్తి టైర్లకు భారం తగ్గించాలి. బ్యాటరీని విప్పి వేరుగా ఉంచాలి. సైలెన్సరు నోటికి డబ్బా బోర్లించాలి. వాన కన్నా ముందు అందులోకి ఎలుకలు ప్రవేశిస్తాయి. చాలా ఏండ్లుగా కదలని ఇంజనును ఎన్నడూ మరొక బండితో లాగించి స్టార్టు చేయరాదు. నాజిళ్ళు తీసి సిలిండర్లలో కొద్దిగా నూనె పోసి, కొన్ని దినాలు నాననిచ్చి, చేతితో తిప్పి చూడాలి. పట్టిన పిస్టన్ బలవంతానికి లొంగదు, రాడ్డు వంగుతుంది.

పొలానికి బాగుచేయించే వాని త్రోవ వేరు. అతనికి పాత రింగుల మీద మమకారం అక్కరలేదు. లైనర్లు, రింగులు, బేరింగులు, క్లచ్ ప్లేటు కొత్తవి వేయించాలి, డీజిల్ పంపును, నాజిళ్ళను పరీక్ష చేయించాలి. దమ్ములో దిగే బండికి ఇరుసుల ఆయిల్ సీళ్ళే ప్రాణం. బురద నీరు లోనికి పోయినచో బ్రేకులు పట్టవు, గేరు పెట్టెలోని నూనె పాలవలె తెల్లబడుతుంది. మాస్సీ నమూనాలకు విడి భాగాలు ఇప్పటికీ సులభంగా దొరుకుతాయి. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల తయారీని మూసివేయాలని ప్రభుత్వం 2016లో నిర్ణయించింది గనుక ఆ బండి గలవారు లేతు పని తెలిసిన మేస్త్రీ మీద ఆధారపడవలసినదే. పనిచేసే బండికి ఏ కంపెనీ బోల్టు వేసినా దోషం లేదు.

దోషం ఉన్నది భద్రతను మరచినప్పుడు. హారీ ఫెర్గూసన్ ఖ్యాతి అంతా మూడు కడ్డీల అమరికలో ఉన్నది. నాగలికి నేల ఇచ్చే ప్రతిఘటన పై కడ్డీ ద్వారా ముందుకు నెట్టి, ట్రాక్టరు ముందు చక్రాలను నేలకు అదిమి పట్టుకుంటుంది. అదే బరువును గొలుసుతో వెనుక ఇరుసుకు పైభాగాన కట్టి లాగితే ఫలితం తలక్రిందులవుతుంది. వెనుక చక్రాలు బురదలో కూరుకొని కదలనప్పుడు క్లచ్ ఒక్కసారిగా వదిలితే ఇంజను బలం చక్రాన్ని త్రిప్పలేక బండినే ఇరుసు చుట్టూ త్రిప్పుతుంది. ముందు భాగం లేచి వెనుకకు పడుతుంది. దూకడానికి వ్యవధి ఉండదు. స్వీడన్ దేశం 1959లోనే, అనగా మన దేశంలో తొలి ట్రాక్టరు తయారైన ఏడే, కొత్త ట్రాక్టర్లకు డ్రైవరును కాపాడే చట్రాన్ని తప్పనిసరి చేసింది. మన పాత బండ్లకు అది లేదు. పనికి పంపే బండికి దానిని అమర్చడం అందాన్ని చెడగొడుతుందనేవారు ఆ బండిని పాకలోనే ఉంచుకోవడం మేలు. వెనుక తిరిగే షాఫ్టు నిమిషానికి 540 చుట్లు, అనగా సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. పంచె కొంగుగాని చున్నీగాని దానికి చిక్కితే విడిపించుకొనలేము. దానికి మూత ఉండాలి. కుడి ఎడమ బ్రేకులు వేర్వేరుగా ఉంటాయి గనుక రోడ్డెక్కే ముందు రెండింటినీ జతచేసే కొక్కెం పనిచేస్తున్నదో లేదో చూడాలి.

అన్నిటికన్నా హానికరమైనది మధ్యమార్గమని మా నమ్మకం. కొత్త రంగు పూసి, ఊరేగింపుకు సిద్ధం చేసి, కోతల వేళ ‘ఒక్క ట్రక్కు ధాన్యమేగదా’ అని తోలిన బండి ప్రదర్శనకూ దక్కదు, పనికీ నమ్మదగినది కాదు. దాని బ్రేకులను ఎవరూ చూడలేదు, రంగును అందరూ చూశారు.

ఇక్కడ మేస్త్రీల ప్రస్తావన చేయక తప్పదు. మన పాఠకులలో ఉర్దూ, తెలుగు రెండూ ఎరిగినవారు ఒక సంగతి గమనించి ఉంటారు. మరమ్మతు అనే మాట అరబ్బీలో పుట్టి ఉర్దూ ద్వారా మనకు వచ్చినది. పానా, ఉస్తాదు, ఖరాబు కూడా షెడ్డులో తెలుగువాడూ ఉర్దూవాడూ సమంగా పలికే మాటలే. మేస్త్రీ పదం పోర్చుగీసు వారి నుండి వచ్చిందంటారు. ఇనుముకు భాషాభేదం లేదన్నమాట! ఆ షెడ్డులలో వేలితో తడిమి బేరింగు అరుగుదల చెప్పగలవారు, చెవితో విని ఏ నాజిలు కొడుతున్నదో చెప్పగలవారు వృద్ధులవుతున్నారు. వారి పిల్లలు ఆ పని చేపట్టడం అరుదు. పాత ట్రాక్టరు పోయినా ఇంకొకటి దొరకవచ్చును. ఆ చేతి నేర్పు ఏ పుస్తకంలోనూ లేదు.

అందువలన కళాశాల కమిటీ వారికి మా విన్నపం ఇది. ఎవరైనా దాత పనికిరాని ట్రాక్టరును ఇవ్వజూపితే, నడుస్తున్న బండిని గాక ఆయుర్దాయం తీరిన దానినే స్వీకరించవలెను. రైతు నోటి దగ్గరి పనిముట్టును అద్దాల గదిలో పెట్టడం భావ్యం కాదు. రాగానే నలువైపులా ఫోటోలు తీయించి, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు నోటు పుస్తకంలో వ్రాయాలి. మార్చిన ప్రతి భాగం మీద తేదీ గుద్దాలి, తీసిన పాత భాగాన్ని చీటీ కట్టి భద్రపరచాలి. బాపట్లలో 1945 నుండి వ్యవసాయ కళాశాల, 1983 నుండి వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల ఉన్నాయి. సలహాకు దూరం పోనక్కరలేదు. విప్పే పనిని మన విద్యార్థులు మేస్త్రీల ప్రక్కన కూర్చుండి చేయాలి, వారు చెప్పేది రెండు భాషల్లోనూ వ్రాసుకోవాలి. దీనికి అనువైన కాలం సంక్రాంతి తరువాత, వేసవికి ముందు. తొలకరి పడి దుక్కులు మొదలైతే మేస్త్రీలకు తీరిక దొరకదు.