గంటలో పూర్తయిన అల్లరి ఆల్బమ్!

చలికాలంలో జబల్ అల్ లౌజ్ కొండ మీద మంచు చూసే తబూక్ తెలుగువారికి వింతలు కొత్త కాదు. అయినా కాసుకోండి! ఈ వారం వింతలో ఒక పియానో, ఒక లెక్కల కుర్రాడు, డజను వెటకారపు పాటలు ఉన్నాయి.

మీకు తెలుసా? మన ‘దేవదాసు’ విడుదలైన 1953లోనే, జనవరి 22న, బోస్టన్‌లో టామ్ లేరర్ అనే 24 ఏళ్ల కుర్రాడు స్టూడియోలో పియానో ముందు కూర్చున్నాడు. గంట తిరిగేసరికి ఆల్బమ్ మొత్తం రికార్డయిపోయింది! రాసిందీ పాడిందీ వాయించిందీ తనే. మన పెళ్లిమేళం శ్రుతి కలుపుకొని తాంబూలం వేసుకునేసరికి అక్కడ పన్నెండు పాటలూ పూర్తి!

స్టూడియోకి ఎంత కట్టాడో తెలుసా? 15 డాలర్లు! నేటి మారకంలో 56 రియాళ్ల పాతిక హలాలాలు. ఇద్దరు మిత్రులు మందీ తిని సులేమానీ తాగితే సరిపోయింది!

వేయించిన రికార్డులు 400. ఒక్కోటి మూడు డాలర్లు. కొన్నదెవరు? హార్వర్డ్ విశ్వవిద్యాలయం కుర్రకారు. సెలవులకు ఇళ్లకెళ్లి అక్కడ వినిపించారు. విన్నవాళ్లు మాకూ కావాలన్నారు. ఊరూరి నుంచీ ఉత్తరాలు! ప్రకటనల్లేవు, రేడియోలు దగ్గరికి రానివ్వలేదు. గల్ఫ్ నుంచి ఎవరో టేప్‌రికార్డర్ తెస్తే వీధంతా వాళ్ల అరుగు మీదే మూగిన రోజులు గుర్తున్నాయా? అచ్చం అలాగే పాకింది. 1950లు ముగిసేసరికి లేరర్ రికార్డుల అమ్మకం 3,70,000! నాలుగు వందలెక్కడ, నాలుగు లక్షల దరిదాపులెక్కడ!

మీకు తెలుసా? 1954లో బీబీసీ ఈ ఆల్బమ్‌లోని పన్నెండు పాటల్లో పదింటిని నిషేధించింది. అంటే వందకు పదిహేడు మార్కులు. ఫెయిల్!

ఆగండాగండి. అదే బ్రిటన్‌లో 1957లో రాణిగారి చెల్లెలు మార్గరెట్‌కు లండన్ విశ్వవిద్యాలయం గౌరవ పట్టా ఇచ్చింది. ఆమె సంగీతాభిరుచిని పొగుడుతూ మొజార్ట్‌తో పాటు ఎవరి పేరు చదివారో తెలుసా? లేరర్ పేరు! రేడియో గెంటేసిన పాట రాజకుమారి సోఫా ఎక్కేసింది!

తిట్టినవాళ్లూ తక్కువేం లేరు. ఆ తిట్లను లేరర్ ఏం చేశాడో తెలుసా? ఏరి మరీ 1959 నాటి ఆల్బమ్ కవరు వెనక అచ్చేయించాడు! మన పేరడీల జరుక్ శాస్త్రి చూసుంటే వీపు తట్టేవారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైనది. తొలి ఆల్బమ్‌లో ఒక పాట ఉంది, ఇతరుల పరిశోధనను కాపీ కొట్టే పండితుడి మీద. అందులో బారెడు పేరున్న ఉత్తుత్తి గణిత పత్రం ఒకటి వస్తుంది. 1957లో అమెరికా నిఘా సంస్థలో పనిచేస్తూ లేరర్ మరొకరితో కలిసి నిజమైన గణిత పత్రం రాశాడు. దాని ఆధారాల పట్టికలో ఈ ఉత్తుత్తి పత్రాన్ని నిజమైనదానిలా ఇరికించేశాడు! చదివినవాళ్లెవరూ పసిగట్టలేదు. ఎన్నాళ్లు? దాదాపు అరవై ఏళ్లు! అదీ ప్రపంచం గుట్టు లాగే ఆఫీసులో!

మీకు తెలుసా? 1959లో ఆయన అప్పటికి తెలిసిన 102 మూలకాలనూ ఒకే పాటలో గుక్క తిప్పుకోకుండా పాడేశాడు. 2010లో ‘హ్యారీ పాటర్’ కుర్రాడు డేనియల్ రాడ్‌క్లిఫ్ ఆ పాటను టీవీలో అప్పజెప్పాడు. నేటి మూలకాలు 118. పదహారు బాకీ!

ఇంత పేరొచ్చినవాడు ఎన్ని పాటలు రాశాడంటారు? వేలా? వందలా? తన లెక్క ప్రకారం ఇరవై ఏళ్లలో 37! కచేరీలు 109. తర్వాత మైకు వదిలి సుద్దముక్క పట్టి, 1972 నుంచి కాలిఫోర్నియాలోని శాంటాక్రజ్‌లో కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పాడు. చప్పట్ల కంటే ఎక్కాలే ముద్దు!

97 ఏళ్లు బతికి 2025 జులై 26న కన్నుమూశాడు. అంతకు దాదాపు మూడేళ్ల ముందే, 2022లో, పాటలు, బాణీలు, రికార్డింగుల మీద తన హక్కులన్నీ వదులుకొని, ఎవరైనా వాడుకోండని లోకానికి రాసిచ్చేశాడు. అప్పుడు మూడు డాలర్లు పలికిన ఆ ఆల్బమ్ ఇవాళ తబూక్‌లో మీ ఫోన్‌లోకి ఒక్క హలాలా అడక్కుండా దిగుతుంది. నిడివి ఎంతో తెలుసా? అరగంట కూడా లేదు. డ్యూటీ దిగి బస్సెక్కి మొదలుపెట్టండి, క్యాంపు గేటు రాకముందే అయిపోతుంది!